రౌతు మెత్తనైతే గుర్రం ఎట్లా నడుస్తుంది? మచ్చిక చేసే పద్ధతుల్లో ఏది ఎవరికి

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది." నేను గుర్రం కొన్నానని తెలిసిన రోజు నుంచి అనంతపురంలో ఈ సామెత చెప్పని మనిషి లేడు. టీ అంగడి దగ్గర చెప్పారు, దాణా కొట్లో చెప్పారు, బంధువుల పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నప్పుడూ చెప్పారు. చెప్పినవాళ్లలో ఎప్పుడైనా జీనెక్కినవాళ్లు ఇద్దరో ముగ్గురో. సామెత అబద్ధమని నేననను. తానేం అడుగుతున్నాడో రౌతుకే తెలియకపోతే గుర్రం నిజంగానే మూడు కాళ్ల మీద నడుస్తుంది. ఆ తెలియనితనానికి మెత్తదనమని పేరు పెట్టి, దానికి మందుగా చేతిలో కర్ర పట్టుకోవడం దగ్గరే మనవాళ్లు దారి తప్పుతారు.

ఈ మధ్య కర్నూలు, కడప వైపు నుంచి కూడా గుర్రం కొనాలనుకునేవాళ్లు, కొని తల పట్టుకున్నవాళ్లు ఫోన్ చేస్తున్నారు. అందరి ప్రశ్నా దాదాపు ఒకటే. కొట్టకుండా దారికి తెచ్చుకోవచ్చా? తెచ్చుకోవచ్చంటే ఏ పద్ధతి మంచిది? మనమే చేసుకోవాలా, ఎవరి దగ్గరికైనా పంపాలా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన సీమలో ఎద్దులు తెలిసినవాళ్లు ఎక్కువ, గుర్రాలు తెలిసినవాళ్లు తక్కువ. బండలాగుడు పోటీలకు ఎద్దుల్ని తయారుచేసిన చెయ్యి గుర్రం మీద పడితే కొన్ని చిక్కులు వస్తాయి. ఎద్దు బెదిరితే చాలాసార్లు నిలబడి కొమ్ము చూపిస్తుంది. గుర్రం ముందు పారిపోతుంది, ఆ తర్వాతే ఏం జరిగిందని తిరిగి చూస్తుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల అది దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సరిగ్గా ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం, ఇంతే దానికి కనపడని చోటు. మనం ప్రేమ కొద్దీ ఎదురుగా వెళ్లి నుదురు నిమురుతాం చూడండి, ఆ చెయ్యి దానికి ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది. భుజం వైపు నుంచి వెళ్లి, మెడ మీద చెయ్యి వేయాలి.

అయితే ఎద్దుల దగ్గర మనవాళ్లు చేసే మంచి పని ఒకటి గుర్రానికీ పనికొస్తుంది. కొత్త కోడెను పాత ఎద్దుకు జతగా కాడి కట్టి నేర్పుతారు కదా, అట్లాగే కొత్త గుర్రాన్ని నెమ్మదైన పాత గుర్రం వెనక నడిపిస్తే కల్వర్టు, లారీ హారన్, నీటి గుంట అన్నీ సగం భయంతోనే దాటిపోతుంది. పక్క తోటలో ఎవరికైనా వయసు మళ్లిన గుర్రం ఉంటే వాళ్లతో స్నేహం చేసుకోండి. ట్రైనర్‌కు ఇచ్చే డబ్బు కొంత మిగులుతుంది.

మొదటి దారి: లొంగదీయడం

దీని గురించి ఎక్కువ రాయను. కాళ్లు కట్టి పడేయడం, రెండు వైపులా తాళ్లతో బిగించడం, ఎండిన ఏటి ఇసుకలో నురగలు వచ్చేదాకా తిప్పడం, అది అలిసిపోయాక ఎక్కి కూర్చోవడం. వారంలో పనైపోతుంది, అందుకే ఇంకా నడుస్తోంది. అమ్మేవాడికి వారమే కావాలి, కొనేవాడికి ఇరవై ఏళ్లు కావాలి. తేడా అక్కడుంది. అవసరం లేని బాధ పెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమనే సంగతి ఎటూ ఉంది.

నేను కొన్న తెల్ల గుర్రం పెళ్లి ఊరేగింపుల నుంచి వచ్చింది. బేరానికి వెళ్లిన రోజు దాని పక్కనే పిల్లలు టపాకాయ కాల్చారు. చెవి కూడా కదపలేదు. బంగారం లాంటి గుర్రం దొరికిందని మురిసిపోయి డబ్బు కట్టేశాను. రెండు నెలలు కడుపునిండా మేత, కంటినిండా నిద్ర దొరికాక అసలు గుర్రం బయటికొచ్చింది. ప్లాస్టిక్ కవర్ ఎగిరితే నాలుగు కాళ్లతో వెనక్కు దుమికేది. గొడుగు తెరిస్తే మెడంతా చెమట. ఏం చేసినా తప్పించుకోలేనని తెలిసి, ఏదీ చేయడమే మానేసిన జంతువును నేను శాంతమైనదనుకుని కొన్నానన్నమాట.

అందుకే కొనేముందు ఇది చూసుకోండి. నిజంగా నిశ్చింతగా ఉన్న గుర్రం కదులుతూ ఉంటుంది. ఒక చెవి మీ వైపు, ఒక చెవి రోడ్డు వైపు తిప్పుతుంది. ఒక వెనక కాలికి విశ్రాంతి ఇచ్చి గిట్ట కొన మీద ఆనించి నిలబడుతుంది. కింది పెదవి వదులుగా వేలాడుతుంది. ఈగ వాలితే చర్మం విదిలిస్తుంది. లోపల ముడుచుకుపోయిన గుర్రం మాత్రం బొమ్మలా ఉంటుంది. కన్ను ఒకే చోట, మూతి బిగువుగా, పచ్చగడ్డి చూపించినా ఆశ లేకుండా. ఆ బొమ్మను కొంటే తర్వాతి ఆరు నెలల పని కూడా దానితోపాటే కొన్నట్టు.

రెండో దారి: ఒత్తిడి పెట్టి వదలడం

ప్రపంచంలో ఎక్కువ గుర్రాలకు పని నేర్పేది ఈ పద్ధతే. తాడు కొంచెం బిగిస్తాం, గుర్రం ఒక అడుగు వేస్తుంది, వెంటనే తాడు వదులు చేస్తాం. కాలితో పక్కకు తాకుతాం, కదులుతుంది, కాలు తీసేస్తాం. ఆ వదలడంలోనే దానికి జవాబు దొరుకుతుంది. ఒక్క సెకను లోపల వదలాలి. మూడు సెకన్లు ఆలస్యమైతే అది అప్పటికి ఇంకేదో చేస్తూ ఉంటుంది, ఆ ఇంకేదాన్ని నేర్చుకుంటుంది.

ఇందులో నేను చేసిన ఘనకార్యం చెబుతాను. కళ్లెం పెట్టబోతే మా తెల్లది తల పైకెత్తేది. నేను చెయ్యి దించి "సరేలేమ్మా, కాసేపాగుదాం" అనేవాణ్ణి. ఎంత దయగా ఉన్నానో అని నాకు నేనే మెచ్చుకునేవాణ్ణి. వారం తిరిగేసరికి నా చేతిలో కళ్లెం కనపడగానే జిరాఫీ అయిపోయేది. స్టూలు వేసుకున్నా అందదు. చిన్నప్పుడు టౌన్‌లో జట్కా తోలిన ఒక ముసలాయన ఉన్నాడు మా పేటలో, ఆయన్ను పిలిపించాను. ఆయన అయిదు నిమిషాలు చూసి నవ్వాడు.

"నువ్వే నేర్పిస్తివి గదా బేటా. అది తల ఎత్తుతుంది, నువ్వు చెయ్యి తీస్తావు. బాగా చదువుకునింది పాపం."

"మరి ఏం చేయమంటావు చాచా?"

"కళ్లెం అవతల పెట్టు. ఉత్త చెయ్యి చాలు."

అరచెయ్యి మెడ మీద, చెవులకు జానెడు వెనక పెట్టాడు. నొక్కలేదు, లాగలేదు. అది తల ఎత్తింది. చెయ్యి కూడా దానితోపాటే పైకి వెళ్లింది, అక్కడే ఉండిపోయింది. గుర్రం అటు తిప్పింది, ఇటు తిప్పింది. చెయ్యి అట్లాగే ఉంది. చాచా మాత్రం పక్క చేలో ఉన్న మా పాలేరుతో వానల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. చివరికి విసుగొచ్చి అది తల రెండు వేళ్ల మందం దించింది. చెయ్యి ఠక్కున తీసేశాడు. గుర్రం ఆశ్చర్యపోయినట్టు నాలుక బయటపెట్టి పెదాలు నాకుకుంది. మళ్లీ చెయ్యి పెట్టాడు. ఈసారి అర నిమిషంలో దించింది. మొత్తం పన్నెండు నిమిషాలు, నేను ఫోన్‌లో చూసుకున్నాను. నాలుగో రోజుకు నేను కళ్లెం తీసుకుని వెళ్తే తల తనే కిందికి తెచ్చి నిలబడింది.

ఆయన చేతిలో ఉన్నంత మెత్తదనం నా చేతిలో కూడా ఉంది. ఎప్పుడు వదలాలో తెలియడమే నాకు లేనిది.

ఈ పద్ధతిలో ప్రమాదం కూడా చెప్పాలి. గుర్రం మాట వినకపోతే ఒత్తిడి పెంచాలని చెబుతారు. పెంచి, పెంచి, చివరికి కొరడా దాకా వెళ్లేవాళ్లు చాలామంది. అప్పుడది పేరు మార్చుకున్న మొదటి దారే. నా లెక్క ఏమిటంటే, రెండుసార్లు పెంచినా అర్థం కాలేదంటే నేను అడిగిన పని పెద్దదైపోయింది. దాన్ని సగం చేసి అడుగుతాను. పది అడుగులు వద్దు, బరువు ముందుకు వాల్చినా చాలు, వదిలేస్తాను.

మూడో దారి: తిండితో నేర్పడం

కుక్కలకు చేసినట్టే. గుర్రం సరైన పని చేసిన క్షణంలో ఒక గుర్తు శబ్దం, ఆ వెంటనే చిన్న తినుబండారం. క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న డబ్బీ) కొనాల్సిన పని లేదు, నాలుకతో 'టక్' అనండి, ఎప్పుడూ ఒకేలా ఉంటే చాలు. మన దగ్గర నానబెట్టిన ఉలవలు చిటికెడు, లేదా క్యారెట్‌ను నిలువుగా కోసిన ముక్క. గుండ్రంగా కోస్తే గొంతులో ఇరుక్కునే అవకాశం ఉంది. బెల్లం, బ్రెడ్ అలవాటు చేయొద్దు.

భయపడిన గుర్రానికి దీనికి మించింది నేను చూడలేదు. ఒత్తిడి పద్ధతిలో గుర్రం "దీన్ని ఎట్లా ఆపాలి?" అని వెతుక్కుంటుంది, ఇందులో "ఇంకేం చేస్తే వస్తుంది?" అని వెతుకుతుంది. భయపడే వస్తువు దగ్గరికి తనంతట తనే నడుస్తుంది. ప్లాస్టిక్ కవర్ సంగతి మేం ఇట్లాగే తీర్చుకున్నాం. కవర్‌ను గేటుకు కట్టి, దాని వైపు చూస్తే 'టక్', ఒక అడుగు వేస్తే 'టక్', ముక్కు ఆనిస్తే దోసెడు ఉలవలు. ఎనిమిది రోజులు పట్టింది, రోజుకు పది నిమిషాలు.

చిక్కు ఏమిటంటే జేబులు. మొదటి వారంలో మీ చొక్కా జేబు చిరుగుతుంది, రెండో వారంలో వేలు కొరుకుతుంది. కాబట్టి మొదట్లో కంచెకు అవతల నిలబడండి. తల మీ మీదికి కాకుండా నేరుగా ఎదురుగా పెట్టుకున్నప్పుడే 'టక్' అనండి. తిండి కూడా దాని మెడ నిటారుగా ఉండేలా చెయ్యి చాచి పెట్టండి, మీ ఒంటి దగ్గర పెట్టొద్దు. ఇంట్లో చిన్నపిల్లలు గుర్రం చుట్టూ తిరుగుతూ ఉంటే, కొరికే అలవాటున్న మగ గుర్రమైతే, ఈ పద్ధతి తెలిసిన మనిషి పక్కన లేకుండా మొదలుపెట్టొద్దు.

తిండి ఇష్టం లేనివాళ్లు గోకడంతో సరిపెట్టుకోవచ్చా అని అడుగుతారు. జూలు ముగిసి మూపు మొదలయ్యే చోట గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కుంటాయి. అక్కడ మనిషి గోకినా గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద చేసిన పరిశీలనలో తేలింది. నెమ్మదింపజేయడానికి అది బ్రహ్మాండం. కొత్త పని నేర్పడానికి మాత్రం నా అనుభవంలో ఉలవలంత పనిచేయదు.

సరే, ఏది ఎవరికి?

పెళ్లిళ్ల నుంచి, ఫోటోల పని నుంచి వచ్చిన గుర్రమైతే మూడో దారితో మొదలుపెట్టండి. ఒత్తిడి అంటేనే అది నొప్పి అని చదువుకుని వచ్చింది. రెండు మూడు నెలలు తిండితో మనసు విప్పించాక, నెమ్మదిగా రెండో దారి కలపండి. బెంగళూరు, హైదరాబాద్ రేసుల నుంచి రిటైరై వచ్చిన థరోబ్రెడ్ అయితే రెండో దారి మేలు. దానికి పరుగు బాగా వచ్చు, ఆగడం, నిలబడడం, ఒంటరిగా ఉండడం రాదు. తాడు ఎప్పుడు వదులవుతుందో స్పష్టంగా తెలిస్తే చాలా త్వరగా కుదుటపడుతుంది.

రెండేళ్ల గుర్రం పిల్లను కొన్నారా? రెండూ కలపండి, కానీ నేల మీదే. హాల్టర్ (పట్టుకుని నడిపే తలతాడు) వేయించుకోవడం, గిట్టలెత్తి ఇవ్వడం, టెంపో ఎక్కి దిగడం. ఎక్కి తిరగడం గురించి మూడో ఏడు దాటాక, అదీ కొద్దికొద్దిగా ఆలోచించండి. వెన్నెముక ఎముకలు పూర్తిగా గట్టిపడడానికి అయిదారేళ్లు పడుతుంది. "మా మార్వాడీ జాతి గుర్రం రెండేళ్లకే నన్ను మోస్తోంది" అని గొప్పలు చెప్పేవాళ్లు నడుము నొప్పి ఎనిమిదో ఏట చూస్తారు.

ఇక మీ వైపు లెక్క. రోజుకు పావుగంట, వారానికి అయిదు రోజులు ఇవ్వగలిగితే రెండు, మూడు పద్ధతులూ నడుస్తాయి. ఆదివారం మూడు గంటలు ఇస్తానంటే ఏదీ నడవదు. పొలంలో ఇంకో మనిషి రోజూ మేత వేస్తూ, మీరు వారానికోసారి వచ్చేట్టయితే ట్రైనింగ్ ఆ మేత వేసే మనిషికే ఇప్పించండి. గుర్రం అతని భాషే నేర్చుకుంటుంది. నేను ఇది ఆలస్యంగా ఒప్పుకున్నాను. మా పాలేరు ఈలకు అది గేటు దగ్గరికి వస్తుంది, నా పిలుపుకు చెవి మాత్రం తిప్పుతుంది.

టైం అంటే గడియారం ఒక్కటే కాదు, ధ్యాస కూడా. వందేళ్ల కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు పడింది. ప్రశ్న అడిగితే గిట్టతో అన్నిసార్లు తట్టి ఆపేది. 1907లో ఒక పరిశోధకుడు అసలు సంగతి బయటపెట్టాడు. సరైన అంకె దగ్గర అడిగినవాడి తల, భుజం కనపడీ కనపడనంతగా కదిలేవి, గుర్రం దాన్ని చూసి ఆపేది. అడిగినవాడికి ఆ విషయం తెలియదు. అంత సన్నగా చదివే జంతువు ముందు ఒక చెవిలో ఫోన్ పెట్టుకుని, బ్యాంకు లోన్ టెన్షన్‌తో, తాడు పట్టుకుని నిలబడితే అది ఏం చదువుతుంది? నేను ఇప్పుడు లోపలికి వెళ్లేముందు ఫోన్ వేపచెట్టు కొమ్మ సందులో పెట్టి వెళ్తున్నాను. ఒకసారి మరిచిపోయి రాత్రంతా అక్కడే వదిలేశాను, అది వేరే కథ.

పంపాలా, ఇంట్లోనే చేయాలా

రెండు నెలలు బెంగళూరు వైపు ఎక్కడికైనా పంపి తయారుచేయించుకుందామని చాలామందికి ఆశ. తిరిగొచ్చిన గుర్రం ఆ ట్రైనర్ చేతికి తయారై ఉంటుంది. మీ చెయ్యి తయారవదు. మూడు వారాల్లో పాత కథే. అదే డబ్బుతో ఆయన్ను వారానికోసారి మీ దగ్గరికే రప్పించుకుని మీరే చేస్తూ నేర్చుకోవడం నాకు నయమనిపిస్తుంది. ముందుకాళ్లు లేపి మీదికొచ్చేది, మనిషిని తరిమి కరిచేది అయితే మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, పంపేయండి.

ట్రైనర్‌ను ఎంచుకునేటప్పుడు వీడియోలు చూడొద్దు, ఆయన లాయంలోకి వెళ్లండి. ఆయన నడుస్తుంటే గుర్రాలు తలలు బయటపెట్టి చూస్తాయా, గోడకు నక్కుతాయా? "గుర్రం వినకపోతే ఏం చేస్తారు?" అని అడగండి. "వినకుండా ఎట్లా పోతుంది?" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ముందు నొప్పుందేమో చూస్తామన్నవాడు దొరికితే వదలొద్దు.

ఆ నొప్పి సంగతే అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది. అకస్మాత్తుగా మొండికేసిన గుర్రాలు ఎన్నిటికో పళ్లు గరుకుదేరి కళ్లెం కోసుకుంటూ ఉంటుంది, లేదా జీను మూపు మీద నొక్కుతూ ఉంటుంది. ఇంకొకటి మన జిల్లాకు ప్రత్యేకం. వేరుశనగ కట్టె (కాయలు తీసేసిన ఎండు మొక్కలు) మేపుతాం కదా, దాని వేళ్లకు ఎర్రమట్టి, ఇసుక అంటుకుని ఉంటాయి. దులపకుండా వేస్తే ఇసుక పేగుల్లో పేరుకుని కడుపునొప్పి తెస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, కాబట్టి కడుపునొప్పి ప్రాణం మీదికి రావచ్చు. పేడ కొంచెం గాజు సీసాలో నీళ్లు పోసి కలిపి పది నిమిషాలు ఉంచండి, అడుగున ఇసుక కనపడితే డాక్టర్‌ను పిలవండి. బూజు పట్టిన కట్టె అసలే వద్దు. పొట్టలో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది కాబట్టి ఉదయం పని మొదలుపెట్టే ముందు నాలుగు పిడికిళ్ల గడ్డి వేయండి. ఖాళీ కడుపుతో చిరాకు పడేది మనం మాత్రమేనా?

బరువు కూడా లెక్కేసుకోండి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని ఒక అంచనా. 350 కిలోల గుర్రానికి 70 కిలోలు. మా బావమరిదికి ఈ మాట చెప్పినందుకు ఇంకా మాట్లాడడం లేదు. కొనేటప్పుడు గ్లాండర్స్ రక్తపరీక్ష కాగితం అడగండి, అది మనుషులకు కూడా అంటుకునే జబ్బు. ధనుర్వాతం టీకా మరిచిపోవద్దు.

కళ్లెంలో ఇనుప ముక్క ఉండాలా, అది లేని తలకట్టు సరిపోతుందా అనే చర్చ చాలా పెద్దది. నా తీర్పు చిన్నది. చెయ్యి గట్టిదైతే రెండూ గట్టివే, చెయ్యి నేర్చినదైతే రెండూ మెత్తవే. నేల మీద, కంచె లోపల తలకట్టుతో మొదలుపెట్టి, రోడ్డు మీదికి వెళ్లేనాటికి ఏది వాడాలో తెలిసినవాళ్లతో నిర్ణయించుకోండి. దత్త మండలాల కలెక్టరుగా అనంతపురంలో ఉన్న థామస్ మన్రో విగ్రహం చెన్నైలో రికాబులు (రౌతు పాదాలు పెట్టుకునే కడియాలు) లేని గుర్రం మీద ఉంటుంది. శిల్పికి చెల్లింది, మనం మాత్రం రికాబులు పెట్టుకుందాం.

ఎండాకాలం అయిదున్నర నుంచి ఏడు లోపల ముగించండి. ఎండ చుర్రుమనడం మొదలైతే గుర్రం నీడ వైపు చూస్తుందే గానీ మీ వైపు చూడదు.

మా తెల్లది ఇప్పుడు డీజే బండి రోడ్డు మీద వెళ్తుంటే రెండు చెవులూ అటు పెట్టి, నా వైపు ఒక అడుగు వేసి నిలబడుతుంది. కవర్లంటే మాత్రం భయం పూర్తిగా పోయింది, కొంచెం ఎక్కువే పోయింది. తోటలో ఎక్కడ కవర్ కనపడినా దాని దగ్గరికి పోయి ముక్కు ఆనించి, తల తిప్పి నా వైపు చూస్తుంది. ఉలవలు పడేదాకా అక్కణ్ణుంచి కదలదు. గాలి ఎక్కువున్న రోజు తోటంతా కవర్లే, కాబట్టి పొద్దున్నే గోనెసంచి పట్టుకుని ఏరడం నా పనైపోయింది.